సుశీలమ్మ తోమిన పండ్లు

సుశీలమ్మ చేతిలో పడిందంటే ఇత్తడి బిందె అద్దమై కూర్చోవాల్సిందే. మదనపల్లెలో వాళ్లుండే వీధిలో ఆ మాట కాదనే మనిషి లేడు. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు, ఇది ఆమె పుంగనూరులోని పుట్టింట్లో నేర్చుకొచ్చిన విద్య. గిన్నె మీద మరక కనిపిస్తే ఆమెకు ఒళ్లు మండేది. పక్కింటోళ్ల గిన్నె మీద కనిపించినా మండేది, అదీ ఆమెతో వచ్చిన చిక్కు.

అట్లాంటి ఇల్లాలి మొగుడి నోరు కంపు కొడతాంటే ఎట్లుంటుందో మీరే చెప్పండి!

మొగుడు ఈశ్వరప్ప టమోటా మార్కెట్ యార్డులో, రాజగోపాల్ మండీలో ఏలంపాట పాడేవాడు. గంపల నడుమ నిలబడి రేటు ఎత్తుకున్నాడంటే అవతల లారీ మీదుండే హమాలీకి గూడా వినపడాల్సిందే. పొగడ్త, వేళాకోళం, బెదిరింపు, అన్నీ కలిపి కొట్టేవాడు. "సూడప్పా, పెండ్లికూతురి బుగ్గల మాదిరి ఉండాయి కాయలు. ఈ రేటుకు అడగను నీకు నోరెట్లా వచ్చింది?" అంటే, అడిగినోడు నవ్వుతానే రేటు పెంచేవాడు. పండ్లన్నీ ఊడిపోయినాక కట్టుడు పండ్లు పెట్టించుకున్నాడు. పాటకేం లోటు రాలేదు.

ఏడాది తిరిగేసరికి మొదలైంది తంటా. చిగుళ్లు ఎర్రగా వాచినాయి. పండ్లు పెట్టుకుంటే మంట, తీసేస్తే మాటంతా గాలికి పోయె. పైగా దగ్గరికొస్తే కంపు. కొనేవాళ్లు ముక్కు పక్కకు తిప్పుకోని "ఏమన్నావప్పా? ఎంతన్నావు?" అని అడగడం పెట్టుకున్నారు. రాజగోపాల్ మంచోడే గానీ, వ్యాపారస్తుడు.

"ఈశ్వరప్పా, వచ్చే సోమవారానికి బాగుచేసుకో. ల్యాకపోతే లక్ష్మీపతిని నిలబెడతా. నాకు మాత్రం ఇష్టమా సెప్పు?" అన్నాడు. లక్ష్మీపతి ఇంకో పాటగాడు. వయసులో ఉండాడు, సొంత పండ్లు, కాచుకోని ఉండాడు.

పాట పోతే ఈశ్వరప్ప ఏమైపోతాడో సుశీలమ్మకు తెలుసు. ఆ మనిషికి గొంతే ప్రాణం. ఇంట్లో మంచినీళ్లు అడిగినా పాట పాడినట్టే అడుగుతాడు. అందుకే ఆమె తనకు తెలిసిన వైద్యమే చేసింది, ఇంకా గట్టిగా తోమింది. సాయంత్రం ఆయన పండ్లు తీసేసరికి ఇటుక పొడి, పీచు పట్టుకోని సిద్ధంగా ఉండేది. పండ్ల డాక్టరు మాలతి ఒకసారి చూసి, "శుభ్రంగా పెట్టుకోవాలమ్మా" అనింది. శుభ్రంగానా! ఆ మాట సుశీలమ్మను ఈడ్చి కొట్టినట్టైంది. ఆ పొద్దు నుంచి తోముడు రెట్టింపు.

ఆ తర్వాత ఈశ్వరప్ప ఒక్కడే ఇంకోసారి డాక్టరు దగ్గరికి పోయొచ్చినాడు. వచ్చినప్పటి నుంచి పండ్లు దాచడం మొదలుపెట్టినాడు. ఒకరోజు బియ్యం డబ్బా వెనక, ఒకరోజు చొక్కా జేబులో. అడిగితే మాట దాటేస్తాడు. చివరికి పెరట్లో తొట్టి చాటున, సబ్బు నురగ పెట్టి వేలితో మెల్లగా రుద్దుకుంటాంటే పట్టుకునింది.

"ఇదేం కడుగుడయ్యా, పిల్లి మొగం కడుక్కున్నట్టు? ఎవురు సెప్పినారు నీకు?"

"డాక్టరమ్మ" అనేసి బోసినోరు చేత్తో మూసుకున్నాడు.

చాలదా! సుశీలమ్మ ఆ పండ్లు గుడ్డలో చుట్టుకోని, కొంగు దోపుకోని, ఆటో ఎక్కి నేరుగా ఆసుపత్రికి పోయింది.

"డాక్టరమ్మా, మొగోళ్లకు ఇట్లాంటి సోమరి బుద్ధులా నేర్పించేది?"

మాలతి కుప్పం పిల్ల. నవ్వుమొగం, తొందరగా కోపం రాదు. ఒక గిన్నెలో పసుపు కలిపింది. ఈశ్వరప్ప పండ్లకింత, ఎవరికో చేయించిన కొత్త పండ్లకింత పూసి, "తుడవండమ్మా" అని దూది చేతికిచ్చింది. కొత్తవి ఒక్క తుడుపుకే మెరిసినాయి. పాతవాటిని సుశీలమ్మ ఎంత తుడిచినా పసుపు పోలేదు. సన్న గీతలు, వందలకొద్దీ, పసుపు పట్టుకోని అడ్డదిడ్డంగా కనపడినాయి.

"ఇవి పీచు గీతలమ్మా. మా కుప్పంలో గ్రానైటు బండలకు పాలిష్ పడతారు సూసినారా? నున్నటి బండ మీద బురద పడితే చెంబు నీళ్లకే జారిపోతాది. గరుకు బండ మీద పడిందంటే సందుల్లో దూరి కూర్చుంటాది. క్రిములూ అంతే. గీతలో చేరి, జిగురు పొర అల్లుకోని, దాని కింద పెరుగుతాయి. ఇంగ నీళ్లకు రావు."

"మరి నా ఇత్తడి బిందెకు గీతలు పడవా?"

"బిందెను తోమి ఎండలో బోర్లిస్తాం. ఇది పొద్దస్తమానం నోట్లో ఉంటాది. తడి, వెచ్చన, తిండి. క్రిములకు ఇంతకన్నా మంచి కాపురం యాడ దొరుకుతుంది? కంపు వచ్చిందని మీరు తోముతారు, తోమేకొద్దీ వాటికి కొత్త ఇండ్లు కట్టిస్తాండారు."

సుశీలమ్మకు నవ్వు రాలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకోని వాటినే చూసుకునింది.

"ఈ మాట ఆయనకు సెప్పలేదా తల్లీ?"

"చెప్పినా. పండ్లు నాకిచ్చిపోతే లోపల కొత్త పొర పోసి, పైన పాలిష్ పట్టిస్తానన్నా. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలన్నాడు. ఉన్నదే చెప్పమన్నా. 'మా ఇంటామె తోముడు గురించి వీధంతా గొప్పగా చెప్పుకుంటారు డాక్టరమ్మా, నీ తోముడే నాకు పుండు చేసిందని నా నోటితో అనలేను, పాట పోతే పోనీ' అని వెళ్లిపోయినాడు."

సుశీలమ్మ పండ్లను డాక్టరు చేతిలో పెట్టేసి, చిగుళ్ల మందు తీసుకోని, దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటా ఇంటికొచ్చింది. ఈశ్వరప్ప సంగటిని పులుసులో మెత్తగా పిసుక్కుంటాండాడు.

"యాల సెప్పలేదు నాకు? లోకాన్నంతా నోటితో ఆడించేవాడివి, పెండ్లానికి ఒక్క మాట సెప్పలేకపోయినావా?"

ఆయన బోసినోటితో నవ్వినాడు. "నీ తోముడుకు వంక పెట్టి, నేను ఈ ఇంట్లో సంగటి తినేదెట్లా?"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి. నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, ఇంకో ముద్ద సంగటి పెట్టింది.

సోమవారానికి చిగుళ్లు చల్లబడినాయి, పండ్లు కొత్తవై వచ్చినాయి. ఇన్నేండ్లలో ఎప్పుడూ యార్డు మొగం చూడని సుశీలమ్మ ఆ పొద్దు తానూ బయల్దేరింది. గంపల నడుమ ఈశ్వరప్ప గొంతెత్తినాడు. అబ్బ, ఏం పాట! లారీ మీది హమాలీ ఈల వేసినాడు. లక్ష్మీపతి తలగీరుకోని టీ తాగను పోయినాడు. సుశీలమ్మ ఒళ్లంతా పులకరించింది.

పాట ముగిసినాక అందరూ కొళాయి దగ్గర చేరి మిరపకాయ బజ్జీలు తిన్నారు. తినగానే ఈశ్వరప్ప అంతమంది ముందరా పండ్లు ఊడబెరికి పెండ్లాం అరచేతిలో పెట్టినాడు. యార్డంతా గొల్లున నవ్వింది. బోసినోటితో ఆయన ఏదో అన్నాడు గానీ, ఎవరికీ అర్థం కాలేదు.

"ఏమంటాండాడు సుశీలమ్మా?" అన్నాడు రాజగోపాల్.

"నువ్వే కడుగు అంటాండాడు" అంది సుశీలమ్మ, కొళాయి తిప్పి వేలితో మెల్లగా రుద్దుతా.