కాలువలకు రెండో సాక్షి

ముప్పై ఏళ్ళు పెన్నా కాలువల మీద ఓవర్సీరుగా తిరిగిన జకరయ్యకు పింఛనిచ్చి ఇంటికి పంపిస్తే, ఆయన ఊరుకోక అంగారకుడి మీద కాలువలు వెతకడం మొదలుపెట్టాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టే మరి!

సీమకు వెళ్ళిపోతూ మిషన్ దొర వదిలేసిన ఇత్తడి టెలిస్కోపును కోట ఊళ్ళో తమ ఇంటి పెరట్లో నిలబెట్టి, పందొమ్మిదివందల యాభై ఎనిమిది నవంబరులో వాన తెరిపిచ్చిన సాయంత్రమల్లా అందులో చూసేవాడు. చూసింది అట్టమీద పెన్సిలుతో గీసేవాడు. గుండ్రం నిండా తిన్నటి గీతలే. తూములొక్కటే తక్కువ.

ఆయన భార్య సామ్రాజ్యానికి ఆదివారమంటే భయం పట్టుకుంది. ఆరాధన అయ్యాక ఈ కాలువల సంగతి చెబుతానని ఆయన పాస్టరుగారికి మాటిచ్చేశాడు. ఇద్దరు సాక్షులుంటేగాని మాట నిలవదని బైబిలు వాక్యం కనక రెండో సాక్షి ఆమే. ఆమెకేమో ఇంతవరకూ ఒక్క కాలువా కనిపించలేదు. గుళ్ళో నిలబడి సాక్ష్యంలో అబద్ధమాడటమా? నిజం చెబితే నలుగురిలో ఆయన నవ్వులపాలు.

శనివారం దీపాలు పెట్టాక ఆయన కేకేశాడు.

"ఇట్రా మే సామ్రాజ్యం! ఈరోజన్నా సరిగ్గా చూడు."

ఆమె కన్ను ఆనించింది. నీళ్ళ అడుగున ఉన్నట్టు వణికే నారింజరంగు బిళ్ళ. ఊపిరి బిగబట్టింది. ఒక్క క్షణం వణుకు ఆగింది. చేప తోకలాంటి నల్లటి మచ్చ! మొన్న ఇదే వేళకు నడిమధ్యన ఉండింది, ఇప్పుడు పక్కకు జరిగింది. అంటే అది తిరుగుతోందా? అక్కడా పొద్దు పొడుస్తుందా? ఆమెకు ఒళ్ళు జలదరించింది. అడగబోయేలోగా ఆయన ఆమెను జరిపి తాను కన్ను ఆనించాడు.

"అదిగో, ఇంకో కాలువ! పక్కన పిల్లకాలువ గూడా ఉండాది." కన్ను తీయకుండానే అట్టమీద గీస్తున్నాడు.

సామ్రాజ్యం తలెత్తి చూసింది. సముద్రం మీంచి వచ్చిన మబ్బు అంగారకుణ్ణి అప్పుడే మింగేసింది. ఆయన మాత్రం గీస్తూనే ఉన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"ఏమండీ, ఒకసారి పైకి చూడండి."

చూశాడు. పెన్సిలు ఆగిపోయింది.

"నీకు ఇన్నాళ్ళూ ఒక్కటి గూడా కనపళ్ళేదా?" అన్నాడు.

"లేదండీ. రేపు గుళ్ళో అడిగితే అదే చెప్తా. చేప తోక మాదిరి మచ్చొకటి మాత్రం కనిపించింది. అది జరగతా ఉండాది."

జకరయ్య అరుగుమీద కూలబడ్డాడు. రబ్బరు తీసుకుని, ముందు పెద్దకాలువలు, తర్వాత పిల్లకాలువలు, ఒక్కొక్కటే తుడిచేశాడు. తాను తవ్వించిన కాలువలను తానే పూడుస్తున్న మనిషిని చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఉత్త గుండ్రం మిగిలాక అట్టను ఆమె ఒళ్ళో పెట్టి, పెన్సిలు చేతికిచ్చాడు.

"రేపు సాక్ష్యం నువ్వే చెబుదువు. ఆ తోక ఏ పక్కనుండాదో గియ్యి. మబ్బు తొలిగినాక నాక్కూడా చూపిద్దువు."