దాయా కోట రెండో ముట్టడి

భీమయ్య మాటల్లో నిజం వెతకడమంటే మేకపోతు కింద చెంబు పెట్టుకుని కూర్చోవడమే. ఈ సంగతి సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. మానేరు ఎండిపోయిన ఏడు చేపలు గట్టెక్కి, ఊళ్ళోకి నడిచొచ్చి, ఇంటింటికీ గొడుగులు బదులడిగాయని చెప్పింది అతనే. వాళ్ళ తాత కాయించిన సొరకాయలో నిజాం సర్కారు గిర్దావరు గుర్రంతో సహా దూరి, గింజల మధ్య దారి తప్పి, తొడిమ దగ్గర బయటపడ్డాడని ప్రమాణం చేసి చెప్పిందీ అతనే. అటువంటి మనిషి దుబాయ్ పోతున్నాడని తెలిసి, పాపం దుబాయ్ గతేమిటో అని ఊరు ఊరంతా జాలిపడింది.

తీరా చూస్తే అది దుబాయ్ కాదు. విమానం దిగిన భీమయ్యను, అతని భార్య తమ్ముడు లింబాద్రిని, వెంట వచ్చిన ఊళ్ళవాళ్ళను లారీ ఎక్కించి ఉత్తరానికి తోలారు. ఏడు చిన్న రాజ్యాలు కలిసి ఒక దేశమైతే, వాటిలో ఉత్తరపు కొసన ఉన్నది రాస్ అల్ ఖైమా. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు గడ్డిపరక మొలవని కొండలు. ఆ కొండలను పగలగొట్టి కంకర చేసే కంపెనీలో పని. ఇది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది నాటి మాట. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం అందరూ దుబాయ్ అనే రాశారు. అంత పొడుగు పేరు రాస్తే సగం ఉత్తరం దానికే సరిపోతుంది కదా.

కొండలు పగలగొట్టడం వాళ్ళకు కష్టమనిపించలేదు. కష్టమంతా నీళ్ళతో వచ్చింది. కంపెనీ ట్యాంకరు ఏ చవిటి గుంతలో ముంచుకొచ్చేదో గాని, ఆ నీళ్ళు సముద్రానికి చిన్న చెల్లెళ్ళలా ఉండేవి. సబ్బు నురగ రాదు. పాలు పోస్తే టీ విరిగిపోతుంది. క్యాంపు వంటమనిషి నబీ రసూల్‌ది కడప. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికీ గులకరాళ్ళలా గలగలమంటుంటే గరిటె విసిరికొట్టాడు.

"యా అల్లా! ఈ పప్పు ఉడికేలోపు నా కొడుక్కి పెండ్లయితాదిరా సామీ. నన్ను తిట్టొద్దండి, ఆ నీళ్ళని తిట్టండి!"

పప్పు సంగతి నవ్వుకుని వదిలేద్దురు. కాని నెల తిరక్కుండానే లింబాద్రికి నడుములో పోటు మొదలైంది. ఒకనాడు అతను చాటుకు వెళ్ళి, తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చాడు.

"బావా, నెత్తురు వడుతుందే."

భీమయ్య నోట కోతలు ఆగిపోయింది ఆ ఒక్కనాడే. లింబాద్రికి వీసా ఇప్పించి వెంట తెచ్చింది తనే. తమ్ముడు జాగ్రత్త అని భార్య గౌరవ్వ బస్సు కిటికీ పట్టుకుని ఎంతదూరం పరుగెత్తిందో అతను మరిచిపోలేదు. సొరకాయ కథ చెప్పి గౌరవ్వను నవ్వించగలడు గాని, తమ్ముడేడని ఆమె అడిగితే ఏ కథ చెప్తాడు?

అందుకే ముదీర్ దగ్గరికి వెళ్ళాడు. ముదీర్ అంటే ఆ క్యాంపుకు పెద్ద. బొంబాయి నుంచి వచ్చిన మనిషి, హిందీలో మాట్లాడతాడు. అతని గదిలో ఫ్రిజ్జు నిండా సీసా నీళ్ళున్నాయని గది ఊడ్చేవాళ్ళందరికీ తెలుసు.

"నీళ్ళకేమైంది? నేనూ అవే తాగుతున్నాను. ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నాయి" అన్నాడు ముదీర్ పళ్ళు కుట్టుకుంటూ. "నచ్చనివాళ్ళు చెప్పండి. వీసా క్యాన్సిల్, టికెట్టు చేతిలో పెడతాను. ఖలాస్!"

ఆ వచ్చిన శుక్రవారం సెలవు. భీమయ్య రెండు ఖాళీ క్యాన్లు కావడికి కట్టుకుని, కనబడుతున్న పచ్చదనం వైపు నడిచాడు. ఖర్జూరపు చెట్లున్నాయంటే వాటి కాళ్ళ కింద మంచినీళ్ళుండాలి కదా అని అతని లెక్క. తోట వెనకే ఒంటిగా ఒక గుట్ట. గుట్ట నెత్తిన కూలిన గోడలు.

బావి దగ్గర ఒక ముసలి అరబ్బు కూర్చుని ఉన్నాడు. పేరు సుహైల్, ఆ తోట అతనిదే. ముందు నీళ్ళిచ్చాడు, భీమయ్య కడుపు నిండా తాగాక పేరడిగాడు. అడిగింది హిందీలో! వయసులో ఉండగా పడవల మీద బొంబాయికి ఖర్జూరం మోశాడట ముసలాయన. "నీ మాట నాకు, నా మాట నీకు కొత్త కాదు. మొన్నమొన్నటిదాకా మా అంగళ్ళలోనూ రూపాయే నడిచేది" అన్నాడు.

మాట కలిస్తే భీమయ్య ఊరుకుంటాడా? చేపల గొడుగుల కథ ఎత్తుకున్నాడు. సుహైల్ రెప్ప వేయకుండా విన్నాడు. విని, "మా చేపలకు గొడుగులక్కర్లేదు. ఎండాకాలం ఒంటెలెక్కి కొండల్లోకి పోతాయి" అన్నాడు నింపాదిగా.

భీమయ్యకు ప్రాణం లేచొచ్చింది. సముద్రం దాటొచ్చాక తనకు సరిజోడు దొరకడం అదే మొదలు.

"ఆ గుట్ట మీద గోడలేంది, చిచ్చా?"

"అది దాయా కోట" అన్నాడు సుహైల్. "నూట అరవై ఏళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళు బొంబాయి నుంచి ఓడలేసుకుని వచ్చారు. రేవు కాల్చారు. పడవలు కాల్చారు. ఇక్కడి జనం పిల్లాజెల్లాతో ఈ కోటెక్కి తలుపులేసుకున్నారు. లొంగం అన్నారు. వాళ్ళు ఓడ మీది పెద్ద ఫిరంగుల్ని దించి, బురదలోంచి ఈడ్చుకొచ్చి కొట్టారు."

"ఎందుకు?"

"మేము సముద్రపు దొంగలమట. మా సముద్రంలో మాకు సుంకం కట్టమన్నవాళ్ళు దొరలు, అడిగిన మేము దొంగలం."

భీమయ్య పకపక నవ్వాడు. "గదైతే నమ్ముత చిచ్చా. మా దిక్కు గూడ దొరకు ఎదురు మాట్లాడినోడు దొంగనే. గని బురదలకెళ్ళి ఫిరంగి గుంజుకొచ్చుడు? నా సొరకాయ కంటె పెద్దగున్నది నీ కోత!"

సుహైల్ నవ్వలేదు. కర్ర తీసుకుని లేచాడు. "రా" అన్నాడు.

గుట్ట ఎక్కేసరికి భీమయ్య మూడుసార్లు ఆగాడు, ముసలాయన కర్ర మాత్రం ఒక్కసారీ ఆగలేదు. పైన రాతిగోడలు. వాటిలో పెద్ద పెద్ద గండ్లు. కింద తోపులు, తోపుల అవతల రేవు, రేవు అవతల సముద్రం. ఓడ ఆగడానికి చోటు, ఫిరంగి ఈడ్చడానికి దారి, అన్నీ అరచేతిలో గీతల్లా కనబడుతున్నాయి. జీవితమంతా అబద్ధాలు కట్టినవాడికి నిజం ఎదురైతే అంత సులువుగా మింగుడుపడదు. భీమయ్య గండిలో చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"ఇంత ఎత్తున్నది, గోడలు గింత లావున్నయి. మరి ఎట్ల ఓడింది చిచ్చా?"

"బావి ఎక్కడుందో చూపించు" అన్నాడు సుహైల్.

భీమయ్య ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాడు. బావి లేదు. తొట్టి లేదు. నీడ కూడా లేదు.

"ఫిరంగి గోడల్ని కొట్టింది. దాహం మనుషుల్ని కొట్టింది. మా తాత తల్లి అప్పుడు చిన్నపిల్ల. నోట్లో గులకరాయి పెట్టుకుని చప్పరించిందట. అంతటి దాహంలోనూ మూడు రోజులు నిలబడ్డారు." ముసలాయన సముద్రం వైపు ఉమ్మేశాడు. "మొన్న ఇంగ్లీషువాళ్ళు మూటాముల్లె సర్దుకున్నాక, తక్కిన ఆరు రాజ్యాలు ఒక్కటయ్యాయి. మేము మాత్రం తొందరపడలేదు. రెండు నెలలు ఆగి, మా కాళ్ళతో మేము నడిచి వెళ్ళి కలిశాం. చిన్న రాజ్యమే, బాబూ. మెడ మాత్రం చిన్నది కాదు."

తరవాత భీమయ్యను ఎగాదిగా చూసి చిలిపిగా అన్నాడు: "ఆ ఓడల్లో మీ హిందుస్తాన్ సిపాయిలూ వచ్చారు తెలుసా? అప్పుడు ఈ కోటను కిందినుంచి కొట్టారు మీవాళ్ళు."

భీమయ్య గండిలోంచి కిందికి తొంగి చూశాడు. ఆఖరికి, "అప్పుడు కిందికెళ్ళి కొట్టిండ్రు గద. ఈసారి మేం కోటెక్కి మీదికెళ్ళి కొట్లాడ్తం, తియ్యి" అన్నాడు.

శనివారం పొద్దున పని గంట కొట్టారు. క్వారీలో ఒక్క సుత్తి కూడా లేవలేదు. ముదీర్ బయటికొచ్చి చూస్తే క్యాంపంతా ఖాళీ. గుట్ట మీద మాత్రం లుంగీలు, తువ్వాళ్ళు జెండాల్లా ఎగురుతున్నాయి. తెల్లవారకముందే అందరూ ఎక్కేశారు. ముందు సుహైల్ గాడిద మంచినీళ్ళ క్యాన్లు మోసింది. దాని వెనక నబీ రసూల్ గిన్నెలు మోశాడు. లింబాద్రిని ఇద్దరు భుజాల మీద మోశారు. ముందు రాత్రే భీమయ్య కోట కథ క్యాంపులో అందరికీ చెప్పాడు. ఒక్క ముక్క కలపలేదు. అందుకే మొదట ఎవరూ నమ్మలేదు. లింబాద్రి లేచి, "మా బావ అబద్ధం జెప్తే గింత సప్పగ చెప్పడు. గిది నిజమే" అన్నాక అందరూ కదిలారు.

ముదీర్ పోలీసును వెంటబెట్టుకుని వచ్చాడు. పోలీసు ఆ ఊరి కుర్రవాడే. గుట్ట కింద సుహైల్ గుడ్డ పరిచి, కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు. వెంట బంధువులు పదిమంది దాకా ఉన్నారు.

"వీళ్ళను దింపు" అన్నాడు ముదీర్.

"వీళ్ళు నా అతిథులు" అన్నాడు సుహైల్. "నా కాఫీ తాగారు. మూడు రోజులు అతిథిని ఎందుకొచ్చావని అడగడం మా ఇంటా వంటా లేదు. నాలుగో రోజు అడుగుతాను. నువ్వూ అప్పుడు రా."

పోలీసు ముదీర్ ముఖం చూశాడు, ముసలాయన ముఖం చూశాడు. బెల్టు వదులు చేసుకుని కాఫీకి కూర్చున్నాడు.

ముదీర్‌కు రోషమొచ్చింది. తనే ఎక్కడం మొదలుపెట్టాడు. బొజ్జ ముందు, తను వెనక. ఏం చేస్తాడో చూద్దామని సుహైల్, అతని చుట్టాలు, పోలీసు వెనకాలే ఎక్కారు. పైకి చేరేసరికి ముదీర్ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"పానీ..." అన్నాడు.

"ఇస్తం సార్. పైకొచ్చినోల్లకు నీళ్ళియ్యకపోతే ఎట్ల?" అని భీమయ్య విడిగా పెట్టిన క్యాను ఎత్తి, గ్లాసు అంచుదాకా పోశాడు. "మన క్యాంపు నీళ్ళే సార్. ఫస్ట్‌క్లాస్. మీరు గూడ రోజు తాగేటివే."

గుట్ట మీద గాలి కూడా చెవి పెట్టి వింటున్నట్టుంది. ఒక్క గుక్క నోట్లోకి పోగానే ముదీర్ బుగ్గలు ఉబ్బాయి. ఉమ్మేస్తే అబద్ధం బయటపడుతుంది. ఎదురుగా పోలీసు, చుట్టూ ఊరివాళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా మింగాడు.

"ఇంకొంచెం పొయ్యాల్నా సార్?" అన్నాడు భీమయ్య ఎంతో మర్యాదగా.

"పప్పు ఉడకబెట్టి తెచ్చేదా సార్, అదే నీళ్ళతో? మీ మనవళ్ళ కాలానికి రెడీ అయితాది!" అన్నాడు నబీ రసూల్ వెనకనుంచి.

ముదీర్ గ్లాసు కింద పెట్టాడు. నోరు తుడుచుకుని, "సరే. రేపటి నుంచి ట్యాంకరు తోట బావి నీళ్ళు తెస్తుంది. కాని నువ్వు పని ఆపించావు. వీళ్ళందరి ముందూ మాఫీ అడుగు" అన్నాడు.

ఇక్కడొక చిక్కుంది. మనకు మాఫీ అంటే క్షమాపణ. ఆ దేశంలో 'మాఫీ' అంటే లేదు అని. గల్ఫులో దిగిన ప్రతివాడికీ ఆ ముక్క మొదటిరోజే వస్తుంది, ఎందుకంటే ఏది అడిగినా జవాబు అదే.

భీమయ్య ముందుకొచ్చాడు. ఛాతీ విరిచి, అరబ్బుల వైపు తిరిగి, గుట్ట మార్మోగేటట్టు అరిచాడు:

"మాఫీ!"

సుహైల్ తల వెనక్కి వేసి నవ్వాడు. చుట్టాలు నవ్వారు. పోలీసు నవ్వాపుకోలేక మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ముదీర్‌కు రెండు భాషలూ వచ్చు, అదే అతని కష్టం.

"ఏ మాఫీరా అది?" అన్నాడు పళ్ళు నూరుతూ.

"మీకు ఏది గావాల్నో అది తీసుకోండ్రి సార్."

"వచ్చే ఏడు నీ వీసా ఉండదు. గుర్తుపెట్టుకో."

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూసుకుంటం. గని మాకు రేపు ట్యాంకర్ వద్దు సార్. ఇయ్యాల్నే గావాలె. ఈడికెళ్ళి తోట బావి మంచిగ కనవడ్తది. ట్యాంకర్ ఆడ ఆగిందాక మేం దిగం. లింబాద్రిని దవాఖానకు తీస్కపోయేది గూడ మీ జీపే."

"దిగకపోతే?"

"ఇగో, మాకు నీళ్ళున్నయి. పాపం, గాల్లకు లేకుండె." భీమయ్య కూలిన గోడల వైపు చెయ్యి చూపాడు.

ముదీర్ పోలీసును కిందికి పంపి, ట్యాంకరు డ్రైవరుకు కబురు పెట్టాడు. తను మళ్ళీ దిగి ఎక్కలేక గోడ వారన కూలబడ్డాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఒకరి మీద ఒకరు తువ్వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ముదీర్ నెత్తి మీద కూడా ఎవరో ఒక తువ్వాలు పట్టారు. చాలాసేపటికి రోడ్డు మీద దుమ్ము లేచింది. చవిటి గుంత వైపు మలుపు దగ్గర ట్యాంకరు ఒక్క క్షణం తటపటాయించింది. అందరూ లేచి నిలబడ్డారు. అది మలుపు దాటి, తిన్నగా వచ్చి, ఖర్జూరపు తోట బావి పక్కన ఆగింది.

భీమయ్య మంచినీళ్ళ క్యాను మూత తీసి, మొదటి గ్లాసు లింబాద్రి చేతికిచ్చాడు. రెండోది నింపి ముదీర్ ముందు పెట్టాడు.

"తాగుండ్రి సార్" అన్నాడు. "ఇయ్యాల్టికెళ్ళి మీరు గూడ గివే తాగుతరు గద, మాతోని!"