తీసుకున్న చర్య

నేను ఒక రిజిస్టర్ని. రెండు వందల పేజీలు, గట్టి అట్ట, వెన్నుకి ఎర్ర గుడ్డ. అట్ట మీద ‘సలహాలు – ఫిర్యాదులు’ అని అతికించిన చీటీ. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే మా లైబ్రేరియన్ గారికి ఇంకో మెమో వస్తుంది, వచ్చింది ఒకటి చాలు. విజయనగరం దాటాక ఒక చిన్న టౌను, బస్టాండు వెనక శాఖా గ్రంథాలయం అనుకోండి.

ప్రెస్సులో నాతోపాటు కుట్టిన వాళ్ళలో ఒకడు పెళ్ళిళ్ళు రాసుకునే ఆఫీసుకి వెళ్ళాడు, ఇంకొకడు పోలీస్ స్టేషన్‌కి. వాళ్ళకి ఊపిరాడనంత పని. నన్ను తలుపు పక్క మేకుకి పురికొసతో వేలాడదీశారు. ఇంకో తాడుకి పెన్ను కట్టారు. పెన్ను మూడో రోజుకే మాయమైంది, తాడు మిగిలింది.

నా ప్రతి పేజీలో అయిదు గళ్ళుంటాయి. తేదీ, పేరు, ఫిర్యాదు, తీసుకున్న చర్య, సంతకం. మొదటి రెండేళ్ళలో నాలో రాసింది మూడే మూడు. ఫ్యాను తిరగడం లేదని ఒకరు, పేపరు ఆలస్యంగా వస్తోందని ఒకరు. మూడోది ఫిర్యాదు కాదు, ఎవరో పెన్ను పనిచేస్తోందో లేదో చూసుకోడానికి చుట్టిన సున్నాలు. మనుషులకి ఫిర్యాదులు లేక కాదు. రాస్తే పేరు పెట్టాలి కదా, అందుకని నోటితోనే కానిచ్చేస్తారు.

అలాంటి రోజుల్లో కూర్మారావు వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చేవాడు. గుమ్మం బయట కుళాయి తిప్పి మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. ఎంత తుడిచినా వేళ్ళకి కాస్త తడి మిగిలేది. నా పేజీల మూలలు ముడతలు పడింది ఆ తడికే.

ఆ ఏడాది లైబ్రరీకి కొత్త నవలల కట్ట ఒకటి వచ్చింది. థ్రిల్లర్లు, హారర్లు, మంత్రాల రాజ్యాల ఫాంటసీలు. కూర్మారావు వారానికి ఒకటి చొప్పున పట్టుకెళ్ళి, తిరిగి ఇచ్చేటప్పుడు తన జేబులో పెన్ను తీసి నా మూడో గడిలో అభిప్రాయం రాసేవాడు. ‘సలహాలు’ అని ఉంది కాబట్టి చదివినవాడు చెప్పాలనుకున్నాడు పాపం. ఈ ఊళ్ళో నా అట్ట మీది మాటని నమ్మిన మనిషి అతనొక్కడే.

మొదటి థ్రిల్లర్ గురించి ఇలా రాశాడు: ‘హంతకుడు ఒక్కడే శవాన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాడు. ఆయాసం రాలేదు. రచయిత గారు ఎప్పుడూ మోసి ఉండరు. ప్రాణం పోయిన మనిషి బరువు వేరు, కనీసం ఇద్దరుండాలి. మిగతా కథ బాగుంది. కాని చివరి అధ్యాయంలో శవం కనబడదు. ఎక్కడికి పోయిందో చెప్పలేదు.’

ఒక ఫాంటసీ గురించి: ‘ఈ రాజ్యంలో చచ్చినవాళ్ళు మంత్రంతో తిరిగి వస్తారు. అందుకని ఎవరూ ఏడవరు. ఎవరూ ఏడవని చోట కథ దేనికి?’

హారర్ మీద కూడా రాశాడు: ‘దెయ్యాలకి ఎప్పుడూ కోపమే ఎందుకు రాస్తారు? పదిహేడేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఒక్క మొహంలోనూ కోపం లేదు. ఇంటివాళ్ళు చూస్తారని పంపేముందు నేనే మొహం తుడిచి, జుట్టు సర్దుతాను. నిద్రపోయే పిల్లల్లాగే ఉంటారు.’

అది రాసినప్పుడు గానీ నాకు తెలియలేదు, అతను పెద్దాసుపత్రి శవాల గదిలో పనిచేస్తాడని. ఊరికి ముందే తెలుసు. అతను బల్ల ఒక చివర కూర్చుంటే పేపరు చదివేవాళ్ళు ఒక్కొక్కరూ లేచి అవతలి బల్లకి పోయేవాళ్ళు. రాజకీయాలన్నీ అక్కడే పరిష్కారమయ్యేవి. ఇతనితో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు.

ప్రతి అభిప్రాయం చివరా ఒకటే వాక్యం ఉండేది: ‘ఈ పుస్తకం ఇంకెవరైనా చదివారా? చదివితే కింద రాయగలరు.’ మళ్ళీ బుధవారం రాగానే ముందు వెనక్కి తిప్పి ఆ చోటు చూసుకునేవాడు. ఖాళీ. కొత్త పేజీ తీసేవాడు. అలా డెబ్బై బుధవారాలు గడిచాయి. నాకు నోరుంటే ‘నేను చదువుతున్నానయ్యా’ అని అరిచేవాణ్ణి.

లైబ్రేరియన్ సత్యవేణి గారు మంచి మనిషే. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కాని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే తప్ప ఒక్క నవలా చదివి ఎరగదు. “ఇంకో దెయ్యాల బుక్కేటైనా వచ్చిందా అమ్మగారూ?” అని అతనడిగితే అల్మరా వైపు వేలు చూపించేది. అంతవరకే.

డెబ్బై ఒకటో బుధవారం అతను వెనక్కి తిప్పేసరికి, తన రాత కింద వేరే చేతి రాత కనబడింది. ఆ మొహం ఎంత వెలిగిపోయిందో నేను చూశాను. గబగబా కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

‘శవాల గది మనిషి ముట్టుకున్న నవలలే మా ఇంట్లో ఆడవాళ్ళు చదవవలసి వస్తున్నది. తగు చర్య తీసుకోగలరు.’ కింద ఊరి పెద్దమనిషి ఒకాయన సంతకం.

కూర్మారావు రెండుసార్లు చదివాడు. తెచ్చిన నవలని తువ్వాలుతో ముందూ వెనకా తుడిచి బల్ల మీద పెట్టాడు. నన్ను మూసి, పురికొస చిక్కు పడితే అది కూడా సరిచేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నాకు ఆ రోజు నా అట్ట మీద, నా గళ్ళ మీద అసహ్యం వేసింది. ఆ మాట మోసింది నేనే కదా.

రెండు నెలలకి తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన నా గళ్ళు చూశాడు గాని లోపలి రాత పూర్తిగా చదవలేదు.

“డెబ్బైకి పైగా ఫిర్యాదులు! ఒక్కదానికీ చర్య లేదేంటమ్మా? ఇదిగో, ‘శవం కనబడదు, ఎక్కడికి పోయిందో చెప్పలేదు’... లైబ్రరీలో శవమేమిటి?”

“నవల్లో శవమండీ.”

“నవల్లోదైనా ఫిర్యాదు ఫిర్యాదే. నాలుగో గడి ఖాళీగా ఉండకూడదు. మూడు నెలల్లో అన్నీ పూర్తి చెయ్యాలి.” మెమో చేతికిచ్చి వెళ్ళాడు.

పాపం సత్యవేణి గారు. చర్య రాయాలంటే ఫిర్యాదు అర్థం కావాలి, అర్థం కావాలంటే నవల చదవాలి. మొదటిదానికి ఆఫీసు భాషలోనే రాసింది: ‘విచారణ జరిపించడమైనది. శవము ఎచ్చటను కనబడలేదు. రచయిత మరచిపోయినట్లు తెలియవచ్చినది.’

నాలుగో నవలకి ఆ భాష జారిపోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, తినడం మరిచి చదివేది. గుమ్మంలో పిల్లి కదిలితే ఉలిక్కిపడేది. ‘చదివాను. మీరన్నది నిజమే గాని, నాకు హంతకుడి తల్లి మీద జాలేసింది. మీకు వెయ్యలేదా?’ అని అడిగింది. ఇంకోచోట, ‘మంత్రగత్తె విషయంలో మీతో ఒప్పుకోను’ అని పోట్లాడింది. నా గళ్ళు చాలక అంచుల్లో కూడా రాసింది. అడిగిన మనిషి లేకుండా జవాబులు పోగవుతున్నాయి.

దెయ్యాల మొహాల గురించి అతను రాసింది చదివిన రోజు ఆవిడ అన్నం డబ్బా మూత పెట్టేసింది. తరవాత రాసింది: ‘మా అక్క లారీ కింద పడి పోయినప్పుడు ఒక పూట మీ గదిలో ఉంచారు. ఎలా చూడాలా అని భయపడుతూ వచ్చాను. మొహం తుడిచి, పాపిడి తీసి దువ్వి ఇచ్చారు. అది మీరేనన్నమాట. కళ్ళ నిండా నీళ్ళుండి ఆ రోజు మీ మొహం చూడలేదు. ఇన్ని బుధవారాలు వచ్చారు, ఇక్కడా చూడలేదు.’

పెద్దమనిషి ఫిర్యాదుకి ఎదురుగా ఇలా రాసింది: ‘తీసుకున్న చర్య: ఆయన ముట్టుకున్న నవలలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి చదివితిని.’

మర్నాడు పురికొస విప్పి నన్ను సంచీలో వేసుకుంది. ఆఫీసు రికార్డు గుమ్మం దాటకూడదు, అయినా దాటించింది. నా జీవితంలో నేను చూసిన ఊరు ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆసుపత్రి వెనక రేకుల గది ముందు ఒక కాపలా మనిషి కూర్చున్నాడు.

“కూర్మారావా అమ్మా? ఎల్లిపోనాడు. కాంట్రాక్టు మారిపోనాది కదా, పాతోలందర్నీ తీసీసినారు.”

“ఎక్కడికి వెళ్ళాడు?”

“మాకేటి తెలుస్తాది? ఆ గది మనిసి ఎటు పోనాడని ఎవులడుగుతారమ్మా? నువ్వే మొదలు.”

ఆవిడ నన్ను గుండెలకి పట్టుకుని వెనక్కి నడిచింది. లైబ్రరీకి తిరిగొచ్చి నా చివరి పేజీ తీసి, పేరు గడిలో తన పేరు రాసుకుంది. ఫిర్యాదు గడిలో: ‘పాఠకులు కూర్మారావు గారు బుధవారాలు రావడం లేదు. నవలలన్నీ చదివాను. మాట్లాడడానికి మనిషి లేరు.’

అధికారి మళ్ళీ వచ్చి అన్ని పేజీలకీ టిక్కులు పెట్టాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. “ఇదొక్కటి ఖాళీగా ఉందేంటమ్మా?”

“ఉండనివ్వండి సార్. ఆ గడి ఆయనది.”

ఇప్పుడు మేకుకి కొత్త రిజిస్టర్ వేలాడుతోంది. నేను సత్యవేణి గారి కుర్చీ వెనక బీరువాలో ఉన్నాను. బుధవారం మధ్యాహ్నం ఆవిడ ఆ తలుపు కొంచెం తీసి ఉంచుతుంది. గుమ్మం బయట కుళాయి తిప్పిన చప్పుడు వినబడితే ఆవిడ పుస్తకంలోంచి తలెత్తుతుంది, నేనూ చెవులు రిక్కిస్తాను. ఇప్పటిదాకా అందరూ నీళ్ళు తాగి పోయేవాళ్ళే.