ఎనిమిది పొరలు

"టీలో పంచదార తగ్గించమ్మా ఫేబా," అంటూ జాన్‌బాబు ఆఫీసు కాగితాన్ని టీపాయ్ మీద, బైబిలు పక్కనే పెట్టాడు.

బర్ దుబాయ్‌లోని ఫేబావాళ్ల ఫ్లాటులో ప్రార్థన కూటం ముగిసి, వచ్చినవాళ్లంతా వందనాలు చెప్పి వెళ్లిపోయారు. ఇరవై మందికి బజ్జీలు వేసిన ఫేబాకి నడుం పట్టేసింది. జాన్‌బాబు కూటంలో పెద్ద, అందరికీ అన్నయ్య. జెబెల్ అలీ ఆఫీసులో ఆమెకు మేనేజరు.

పసిపిల్లల ఇంక్యుబేటరులో వేడిని అదుపు చేసే సర్క్యూట్ బోర్డు పరీక్షలో ఫెయిలైందట. తప్పు డిజైనరు ఫేబాదట. కాగితం అడుగున సంతకానికి ఖాళీ ఉంది.

తప్పు తనదా! నాలుగు పొరల్లో అన్ని తీగలూ ఇరికిస్తే ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని పాడుచేస్తుంది, ఎనిమిది పొరలు వెయ్యాలని మూడు మెయిళ్లు పెట్టింది తను కాదూ? "ఎనిమిదైతే లావైపోద్ది, పెట్టెలో పట్టదు" అన్నాడీయన. ఒక్కో పొరా పలచబడుతుంది, మొత్తం మందం పెరగదని నెత్తీ నోరూ కొట్టుకుంది. "పొరలంటే అంత మోజైతే ఇంట్లో పూతరేకులు చుట్టుకోమ్మా" అన్నాడు మీటింగులో. అందరితోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. చివరికి నాలుగు పొరలే ఉంచి, గట్టిగా ఉంటుందని బోర్డు మందం పెంచింది ఆయనే. అది పెట్టె గాడిలో దిగలేదు. అంచులు గరుకు కాగితంతో అరగదీసి దూర్చారు. పరీక్షలో ముప్పై ఆరు డిగ్రీలు చూపాల్సింది ఓసారి ముప్పై మూడు, ఓసారి నలభై చూపించింది. లోపల బిడ్డ ఉండి ఉంటే?

"సంతకం పెట్టేసెయ్ ఫేబా," అన్నాడు భర్త ఫ్రాంక్లిన్, బజ్జీల పళ్లెం అందించినంత తేలిగ్గా. "అన్నయ్యే కదా నీకీ ఉద్యోగం ఇప్పించాడు. మనలో మనకి గొడవలేంటి? ఖలాస్ చేసెయ్."

ఫేబా పెన్ను తీసుకుంది. మగాళ్లిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె కాగితం తిరగేసి రెండు గీతలు గీసింది, బోర్డు మందమంత. వాటి మధ్య ఎనిమిది పొరలూ వరసగా గీసి, కింద సంతకం పెట్టింది.

"ఇది నాది సర్. ఆ నాలుగు పొరలదాని కింద మీరు పెట్టండి."

ఆ ఇంట్లో ఆమె అతన్ని సర్ అనడం అదే మొదలు. ఫ్రాంక్లిన్ లేచి నిలబడ్డాడు. ఫేబా ఫోను తీసి, పాత మెయిళ్లు మూడూ వెతికి, జాన్‌బాబుకి పైఅధికారైన పెద్ద ముదీర్‌కి పంపింది.

"పంపేశాను. టీ చల్లారిపోతోంది సర్, తాగండి."