మూడో కుళాయి కడిగానా

పోయిన శుక్రవారం మా బార్లో తొమ్మిది గ్లాసుల బీరు ఉన్నది ఉన్నట్టే బల్లల మీద మిగిలిపోయింది. చేపల వేపుడు తిన్నారు, క్యాబేజీ కోరు తిన్నారు, రొట్టె ముక్క కూడా వదల్లేదు. బీరు మాత్రం ఒక్క గుక్క తాగి, మొహం అదోలా పెట్టి, సీసా బీరు ఉంటే ఇవ్వమన్నారు. మా విస్కాన్సిన్‌లో మనిషి బీరు వదిలేశాడంటే వాడికి ఒంట్లో బాగాలేదనైనా అనుకోవాలి, బీరు చెడిపోయిందనైనా అనుకోవాలి. తొమ్మిది మందికీ ఒకేసారి ఒంట్లో బాగాలేకుండా పోదు కదా.

నా పేరు లెస్టర్ కుబియాక్. ఈ బారు మా నాన్న పెట్టింది. నాలుగు కుళాయిలు, పద్నాలుగు స్టూళ్ళు, వెనకాల వంటగది, దాని పక్కన పీపాలుండే చల్లటి గది. వంటగది నా భార్య వెర్నాది, బీరు నాది. పెళ్ళయి ముప్పయ్యొక్కేళ్ళయినా ఆ గీత ఇద్దరిలో ఎవరమూ దాటలేదు. శుక్రవారం జనం రాకముందు నాలుగు కుళాయిల్లోంచీ ఒక్కో గుక్క పట్టి, వాసన చూసి, రుచి చూసి, బాగుంటే నేను తల ఊపాలి. మా నాన్న పెట్టిన పద్ధతది. నేను తల ఊపాకే వెర్నా మొదటి గ్లాసు పడుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. కిందటేడు కాదు, ఆ ముందేడు జింకల వేట రోజుల్లో నాకు గట్టి జ్వరమొకటి వచ్చింది. వారానికి జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నా వాసనా రుచీ రెండూ పట్టుకుపోయింది. అప్పట్నుంచి కాఫీ అంటే నాకు వేడి, ఐస్‌క్రీం అంటే చల్లదనం, అంతే. పదహారు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? నాకు తెలిసిందల్లా బీరు ఒక్కటే. అది కూడా తెలీదంటే ఈ బార్లో నేను స్టూళ్ళు తుడవడానికి తప్ప ఎందుకు పనికొస్తాను? వచ్చే నెలకి తగ్గిపోతుందిలే, తగ్గాక చెబుదాంలే అనుకుంటూ ప్రతి శుక్రవారం నాలుగు గుక్కలు తాగి నాలుగుసార్లు తల ఊపుతూ వచ్చాను. సిగ్గులేని మెడ, ఎంచక్కా ఊగేది.

పీపాల నుంచి కుళాయిలకి బీరొచ్చే పైపులు కడిగే మనిషి రెండు వారాలకోసారి వచ్చేవాడు. ఎండాకాలం చివర్లో పని మానేశాడు, వాడి బదులు ఇంకెవరూ రాలేదు. నాలుక ఉన్నవాడైతే నెల తిరక్కముందే పసిగట్టేవాడు. నాకేం తెలుసు, గొట్టాల్లో పాచి పట్టి బీరు పులిసిపోతుంటే నేను బ్రహ్మాండం అన్నట్టు తల ఊపుతున్నాను.

సోమవారం ఆర్డిస్ వచ్చి చెప్పేదాకా సంగతి బోధపడలేదు. ఆర్డిస్‌కి ఎనభై ఒకటి. చీజ్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు చేసిన మనిషి. ప్రతి శుక్రవారం నాలుగింటికి వచ్చి, మూడో కుళాయి ఎదురుగా ఉన్న స్టూలెక్కి, ఆ కుళాయిలోంచి ఒకే ఒక్క గ్లాసు తాగి పోతుంది.

"ఒరే అబ్బాయ్, నీ బీరు తాగుతుంటే వెనిగర్ తాగినట్టుందిరా" అంది. "వచ్చే శుక్రవారం కూడా ఇదే పోశావంటే హైవే అవతల బారుకెళ్తాను. వాళ్ళ చేపలు చెత్తే, అయినా సరే వెళ్తాను."

"లేదు ఆర్డిస్, నేనూ గమనించాను, చూస్తున్నాను" అన్నాను. ఏం గమనించానో నాకే తెలీదు.

కడిగే కంపెనీకి ఫోన్ చేస్తే మూడు వారాలన్నారు. పైపులు కడుక్కునే చేతి పంపొకటి తెప్పిద్దామంటే మంచు తుఫానుకి లారీలు ఆగిపోయాయి. గురువారం పొద్దుపోయేదాకా ఎదురుచూశాను, రాలేదు. పైగా ఈస్టర్ ముందరి తపస్సు కాలం, శుక్రవారం మాంసం తినేవాళ్ళు ఊళ్ళో లేరు. వందమందైనా వస్తారు. ఈసారి కూడా పులిసిన బీరు పోస్తే మళ్ళీ మొహం చూపించరు. అందుకని శుక్రవారం పొద్దున్నే పంపు నేనే తయారుచేద్దామని లేచాను. తోటలో మందు కొట్టే పంపుంటుంది చూడండి, డబ్బాలో నీళ్ళు పోసి పైన పిడి పట్టుకుని కొడితే గాలి నిండి, గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ చిమ్మే కొస తీసేసి బీరు పైపుకి తగిలిస్తే పైపులు కడిగే పంపు అదే అవుతుంది.

కారు షెడ్డులో పాతదొకటి ఉంది. మూత తీసి, అలవాటు కొద్దీ వాసన చూశాను. ఏముంది నా మొహం. కిందటేడు దాంతో గులాబీలకి సబ్బు నీళ్ళు కొట్టానో, వాకిట్లో కలుపు మందు కొట్టానో గుర్తులేదు. ఏ మనిషయినా ముక్కు పెట్టి చెప్పేస్తాడు. నేను ఆ డబ్బా పట్టుకుని మంచులో అయిదు నిమిషాలు నిలబడి, నన్ను నేనే నాలుగు తిట్టుకుని, కొత్తది కొనడానికి హార్డ్‌వేర్ షాపుకెళ్ళాను.

షాపాయన హార్లన్ నా చేతిలోది చూసి నవ్వాడు. "ఏం లెస్టర్, మోకాల్లోతు మంచులో కలుపు మొలిచిందా?"

"నీ నోట్లో మొలిచింది. గొట్టం రెండు గజాలియ్యి, బిగించే పట్టీలు రెండియ్యి" అన్నాను. "నీళ్ళలో కాస్టిక్ సోడా ఉందో లేదో రంగు మారి చూపించే కాగితాలుంటాయే, ఈత కొలనుల వాళ్ళవి, అవీ ఇయ్యి."

"అవి మే నెలలో వస్తాయి. ఇప్పుడెవడు ఈదుతాడు?" అన్నాడు. "అయినా నీకెందుకవి? నాలుక చివర తగిలిస్తే తెలియదూ?"

నేను డబ్బులు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

చల్లటి గదిలో కూచుని పని మొదలుపెట్టాను. చిమ్మే కొస కోసేశాను. వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి కొత్త గొట్టం ఆ కోసిన చోట తొడిగాను, పట్టీ బిగించాను. రెండో చివరకి పాడైపోయిన పాత కుళాయి నుంచి తీసిన నట్టూ, రబ్బరు వాషరూ పెట్టాను. కుళాయి ఊడదీసి ఆ నట్టు అక్కడ బిగిస్తే, పంపులోని నీళ్ళు పైపులో వెనక్కి పరుగెత్తి, చల్లటి గదిలో పీపా దగ్గర బయటికొచ్చి బకెట్‌లో పడతాయి. డబ్బాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, మింగితే గొంతు కాల్చేసే కాస్టిక్ సోడా కలిపి, ముప్పయిసార్లు పిడి కొట్టాను. నట్టు దగ్గర కారి చేతులు మోచేతి దాకా తడిశాయి. తిట్టుకుంటూ వాషరు మార్చాను. రెండోసారి పట్టింది. పీపా వైపు వెళ్ళి చూస్తే, బకెట్‌లోకి గోధుమరంగు పాచి పేలికలు పేలికలుగా వస్తోంది. దీన్నా నేను ఊరందరికీ పోసింది అనుకున్నాను.

వెర్నా గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏంటది, టమాటాలకి మందు కొడుతున్నావా?"

"నీ చేపల సంగతి చూసుకో" అన్నాను.

"నా చేపలకేం, బానే ఉన్నాయి" అని నిలబడింది. ఇంకేదో అనబోయి, బకెట్ వంక చూసి, అనకుండానే వెళ్ళిపోయింది.

నాలుగు పైపుల్లోనూ సోడా నీళ్ళు నింపి ఇరవై నిమిషాలు నాననిచ్చాను. తర్వాత డబ్బా కడిగి, మంచినీళ్ళు పోసి, ఒక్కో పైపూ తొలవాలి. ఒక్కో పైపు తొలిచిన నీళ్ళకి ఒక్కో బకెట్ పెట్టాను. తొలవడం అయ్యిందనడానికి మా నాన్న వేళ్ళు రుద్ది చూసేవాడు, జారుడు పోతే సోడా పోయినట్టే. నా వేళ్ళు పొద్దుట్నుంచీ సోడాలో నాని ఏది పట్టుకున్నా సబ్బులాగే జారుతున్నాయి. చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, సోడా నీళ్ళూ అలాగే ఉన్నాయి. ముక్కు లేదు, నాలుక లేదు, ఇప్పుడు వేళ్ళు కూడా పోయాయి. అందుకే లెక్క ఒక్కటే నమ్ముకున్నాను, పైపుకొక బకెట్ నిండా.

రెండు పైపులయ్యాయి. మూడో దానికి నట్టు బిగించబోతుండగా వెర్నా పిలిచింది. చేపల బండి వాకిట్లో మంచులో కూరుకుపోయింది. నేనూ డ్రైవరూ పార పెట్టి తవ్వి, తోసి, బయటపడేసేసరికి అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి ఒళ్ళు వణుకుతోంది, గడియారం మూడుంపావు చూపిస్తోంది. గబగబా తొలవడం ముగించి, కుళాయిలు బిగించి, పీపాలు తగిలించాను.

"అయిందా?" అంది వెర్నా, నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా. జనం అప్పటికే తలుపవతల కాళ్ళు తపతపలాడించి మంచు దులుపుకుంటున్నారు.

గుక్క పట్టలేదు, చూడలేదు. చూసి మాత్రం ఏం లాభం? తల ఊపేశాను.

పంపు సర్దుదామని చల్లటి గదిలోకి వెళ్ళాను. తొలిచిన నీళ్ళ బకెట్లు వరసగా ఉన్నాయి. ఒకటి, రెండు, నాలుగు నిండుగా ఉన్నాయి. మూడోది ఖాళీ. తడి కూడా లేదు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు, తర్వాత తట్టింది. బండి తొయ్యడానికి వెళ్ళింది నేను మూడో దాని దగ్గరుండగా. వచ్చి, మూడోది అయిపోయిందనుకుని నాలుగోది తొలిచాను. మూడో పైపులో సోడా అలాగే ఉంది, ఇప్పుడు బీరులో కలిసి వస్తుంది.

బార్లోకి పరుగెత్తాను. ఆర్డిస్ స్టూలెక్కి కూచుంది. చేతిలో గ్లాసు, పెదవి దాకా వచ్చింది. నేను బల్ల మీంచి వాలి గ్లాసు లాక్కున్నాను. సగం ఆవిడ కోటు మీద ఒలికింది.

"ఏంట్రా ఇది, పిచ్చెక్కిందా?" అంది.

"తాగావా? ఒక్క చుక్కన్నా తాగావా?"

"తాగనిస్తేగా."

వెర్నా వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. బారంతా చూస్తోంది. అప్పుడు కూడా, ఆ క్షణంలో కూడా, నా నోట్లోంచి అబద్ధమే వచ్చింది.

"గ్లాసు బీటలిచ్చింది" అన్నాను.

"ఓస్ అంతేనా" అని వెర్నా వచ్చి, ఇంకో గ్లాసు తీసి, మూడో కుళాయి కిందే పెట్టింది. పిడి మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి పట్టుకున్నాను. "వద్దు. దాంట్లో సోడా ఉంది. తొలవడం మర్చిపోయాను."

"నువ్వు రుచి చూసి తల ఊపావుగా?"

"చూడలేదు." ఇక ఆగలేకపోయాను. "చూసినా నాకు తెలీదు. నాకు వాసన లేదు, రుచి లేదు వెర్నా. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచి."

వెర్నా నా చేతిలోంచి ఆ సగం గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చిటికెన వేలు ముంచి నాలుక చివర తగిలించి, వెంటనే సింకులో ఉమ్మి, నీళ్ళు పుక్కిలించింది.

"ఉంది" అంది.

ఆర్డిస్ కోటు తుడుచుకోవడం ఆపేసింది. నన్ను చూసి, సింకు వంక చూసింది. ఆవిడ నన్ను తిట్టకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

జనం ఉన్నారు, చేపలు వేగుతున్నాయి, కడగాల్సింది కడగాలి. నేను డబ్బాలో మంచినీళ్ళు పోసుకొచ్చి, కుళాయి ఊడదీసి, నట్టు బిగించి, పిడి కొట్టడం మొదలుపెట్టాను. కంగారులో మూత సరిగా బిగించలేదు, కొట్టిన గాలి సగం బయటికే పోతోంది. వెర్నా చల్లటి గదిలో బకెట్ దగ్గర గ్లాసు పట్టుకుని కూచుంది. నీళ్ళు రావడం, వాసన చూడడం, నాలుకకి తగిలించి ఉమ్మడం, సోడా తగిలితే "ఇంకా" అనడం. ఇద్దరికీ మధ్య గోడ, తెరిచిన తలుపు. మొహం కనబడ్డంలేదు, గొంతు వినబడుతోంది.

"ఇంకా" అంది. తర్వాత, "పదహారు నెలలు" అంది.

"ఊఁ."

"నా మొహం మీద అబద్ధం చెప్పావు, సరే. నీ సంగతి నీది." నీళ్ళు బకెట్‌లో పడుతున్నాయి. "జనవరిలో ఓ పొద్దున స్టవ్ దగ్గర నిన్ను పిలిచి అడిగాను. గ్యాస్ వాసనొస్తోందా లెస్టర్, చూడు అని. నువ్వొచ్చి ముక్కు ఎగబీల్చి, లేదే అన్నావు."

పిడి మీద నా చెయ్యి ఆగిపోయింది. నాకు గుర్తొచ్చింది. నేనలా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో కూడా గుర్తొచ్చింది.

"నువ్వు లేదన్నావని అగ్గిపుల్ల గీశాను. భగ్గుమంది. చెయ్యి కాలింది, ఈ పక్క వెంట్రుకలు కాలాయి. నూనె చింది కాలిందని నీకు చెప్పాను. ఎందుకో తెలుసా? సిగ్గేసి. లెస్టర్ లేదన్నాడంటే అప్పటికి గ్యాస్ లేనట్టే, ముందు నా ముక్కే తప్పు చెప్పింది, తర్వాత మీట నేనే తిప్పి వదిలేశాననుకున్నాను." ఉమ్మింది. "ఇంకా. శరదృతువు నుంచీ మన బీరు నాకు పులుపు కొడుతోంది. అడుగుదామనుకుని కూడా అడగలేదు. నువ్వు తల ఊపుతున్నావు కదా, నా నోరే బాగాలేదనుకున్నాను. వండిందాంట్లో ఉప్పు చూడ్డానికి కూడా నాకిప్పుడు ధైర్యం చాలదు, తెలుసా నీకు? కొలిచి వేస్తున్నాను, కొత్తగా నేర్చుకునేదానిలాగా."

నా బీరు పోతుందని భయపడ్డాను, నా పేరు పోతుందని భయపడ్డాను. ఈ మనిషి తన నాలుకని తను నమ్మడం మానేసిందన్న సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు. అగ్గిపుల్ల సంగతైతే తలుచుకోడానికి కూడా నాకు చాతకాలేదు.

"ఆపావేం, కొట్టు" అంది.

కొట్టాను. మరో బకెట్ నిండింది. ఈసారి ఆమె ఉమ్మిన చప్పుడు రాలేదు. ఇంకోసారి గ్లాసు పట్టిన చప్పుడైంది.

"పోయింది" అంది చివరికి. ఆ మాట చెప్పడానికి ఆమెకెంత కష్టమైందో గొంతులో తెలిసింది.

"నీ ముక్కుకేం కాలేదు వెర్నా" అన్నాను. "నీ నాలుకకీ ఏం కాలేదు. అన్నీ బానే ఉన్నాయి."

ఆమె గ్లాసు పట్టుకుని తలుపులోంచి వచ్చి, నా వంక ఒకసారి చూసి పక్కనుంచి వెళ్ళిపోయింది.

"ఆ సంగతి కూడా నువ్వే చెప్తావా?" అంది.