టోపీ కింద మేకు

డ్రోనుకి ఒక పక్క కుమారి, మరో పక్క చేను ఆసామి గంగులు పట్టుకుని కళ్లంలో గుండ్రంగా తిరుగుతున్నారు. డ్రోను నెత్తిన టోపీలాంటి మూత కింద దిక్సూచి ఉంటుంది. దానికి దిక్కులు మళ్లీ నేర్పాలంటే ఇలాగే తిప్పాలి మరి! బరువుకి కుమారి భుజాలు లాగేస్తున్నాయి. గట్టు మీది రిమోటులో పచ్చగుర్తు పడింది. హమ్మయ్య అనుకుంది.

ట్యాంకులో పురుగుమందు పోయడానికి భయమేసి వట్టి నీళ్లే పోసింది. డ్రోను మనిషెత్తుకి లేచి, నిలబడినట్టే నిలబడి, గిరికీలు కొడుతూ పక్కనున్న చేపల చెరువు వైపు జారింది.  కుమారి గబగబా దింపేసింది.

"ఏటమ్మా, తాగినోడిలా తూలతన్నాది? మందు పడి ఆ సేపలు సస్తే నా పీక మీదికొస్తాది!" అన్నాడు గంగులు.

మొన్నటిదాకా బుద్ధిగా ఎగిరిందే! రెక్కలు మార్చింది. చదునైన బల్ల మీద పెట్టి మట్టం సరిచేసింది. కరెంటు తీగలకి దూరంగా జరిగింది. విప్పకూడదని శిక్షణలో చెప్పారని ఆ టోపీ ఒక్కటే ముట్టుకోలేదు. ప్రతిసారీ పచ్చగుర్తు పడుతుంది, ఎగరగానే జారుతుంది. సాయంత్రంలోగా కుదురుకోకపోతే డ్రోనుని పక్కూరి సంఘానికి ఇచ్చేస్తానని మహిళా సంఘం అధ్యక్షురాలు కూర్మమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

కాపురానికొచ్చిన నాటి నుంచీ కుమారిని పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. డ్రోను పట్టాకే ఊరికి కుమారి అయింది. రాజాంలో శిక్షణకి పంపనని మొగుడు మొరాయిస్తే అత్త దాలమ్మే అడ్డం తిరిగింది. "ఎల్తాది. నాను పంపుతన్నాను. ఏటి సేస్తావో సెయ్యి," అంది.

సాయంత్రం కూర్మమ్మ కళ్లెదుటే డ్రోను మళ్లీ చెరువు మీదికి జారింది. పక్కూరికి పంపడానికి దాన్ని ఆటో ఎక్కించారు. దాలమ్మ వచ్చి డ్రోను టోపీని తడిమి తడిమి వదిలింది. పాపం, అత్తకీ మమకారమే అనుకుని కుమారి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే పక్కూరి నుంచి కూర్మమ్మ ఫోను చేసింది. "ఇక్కడ గుంజ పాతినట్టు నిలబడ్డాదే!"

కుమారి గుమ్మంలో కూలబడింది. దాలమ్మ పక్కన చేరి వీపు నిమిరింది.

"ఏడవకే. ఊరందరి కళ్లూ నీ మీదే కదా. మొన్న ఇనప మేకుకి నల్లతాడు కట్టి, ఎవులికీ అవుపడకుండా ఆ టోపీ సందులో ఏలాడదీసినాను. నిన్న తీసి తెచ్చేసినాను. మన దిష్టి మేకు ఆళ్లకెందుకు?"

ఇనుము పక్కన ఊగుతుంటే దిక్సూచికి దిక్కెలా తెలుస్తుంది! కుమారి వేలు కూర్మమ్మ నంబరు దాకా వెళ్లింది. ఒక్క మాట చెబితే డ్రోను తిరిగొస్తుంది. కానీ మేకూ, నల్లతాడూ అంటే ఊరు ఊరుకుంటుందా? ముసల్ది చేతబడి చేసింది, చిల్లంగి పెట్టిందంటుంది. ఆ పేరు పడ్డ మనిషిని ఇక బతకనివ్వరు. 

"ఏటే, అలా సూస్తావు?"

"ఏటీ లేదత్తా."

ఫోను గూట్లో పెట్టేసింది. తలకి తువ్వాలు చుట్టుకుని కలుపు తియ్యడానికి బయల్దేరింది.

గుమ్మానికి దాలమ్మ కట్టిన మేకు నల్లతాడు మీద గిరికీలు కొడుతూనే ఉంది.