పెద్దమ్మ మంచి చేసుకున్న తీరు

చింపాంజీని ఎవరైనా కోతి అంటే నాకు ఒళ్లు మండుతుంది. తోక ఎక్కడుందో చూపించమంటాను. తల్లుల్ని పోగొట్టుకున్న చింపాంజీలను సాకే కేంద్రంలో పన్నెండేళ్లుగా ఆయాని. ఆ మాత్రం కోపం నాకు చెల్లుతుంది.

వేటగాళ్లు తల్లిని చంపేస్తే, మేం బుడ్డిది అని పిలిచే పిల్ల చింపాంజీ ఏడాదిన్నర వయసులో మా చేతికొచ్చింది. ఎనిమిది నెలలు నా పొట్ట కరుచుకునే బతికింది. నేను స్నానానికి వెళ్లినా ఇల్లు పీకి పందిరేసేది. కానీ చెట్టు మీద పడుకోవడానికి కొమ్మలు వంచి గూడు కట్టడం, పుట్టలోంచి పుల్లతో చెదలు తీయడం, పెద్దవాళ్లు గుర్రుమంటే తగ్గి ఉండటం నేనెక్కడ నేర్పగలను? దానికి చింపాంజీ తల్లే కావాలి. నిరుడు బిడ్డను పోగొట్టుకున్న ఆడ చింపాంజీ ఒకతి ఉంది. మేమంతా ఆమెను పెద్దమ్మ అంటాం. ఆమె ఒప్పుకోకపోతే బుడ్డిదాన్ని వేరేచోటికి పంపేస్తామన్నారు పైవాళ్లు. అక్కడ దాని జాతివాళ్లు ఒక్కరూ లేరు. బతుకంతా ఒంటరి బోనే.

మాకో పద్ధతుంది. ఇద్దరినీ కలిపేముందు పదిహేను రోజులు ఒకే దుప్పటిని ఒక పూట దీనికి, ఒక పూట దానికి ఇస్తాం. ఒకరి వాసన ఇంకొకరికి అలవాటవ్వాలని. దాన్ని చచ్చినా ఉతకకూడదు. పదిహేనో రోజు పొద్దున లేచేసరికి, రాత్రి బుడ్డిదానితో పాటు మా ఇంటికి తెచ్చిన ఆ దుప్పటి మా దండెం మీద తళతళలాడుతోంది.

"కంపు కొడుతుంటే నానబెట్టి ఉతికానే. అదీ తప్పేనా?" అంది నాతోనే ఉండే మా అక్క.

"పదిహేను రోజుల కష్టం నీళ్లపాలు చేశావు కదక్కా!"

"సబ్బు వాసన బాగానే ఉందిగా?"

నెత్తి బాదుకున్నాను.

మా కేంద్రం డాక్టరమ్మ కూడా తల పట్టుకుంది. కానీ వాయిదాకు వీల్లేదు, సాయంత్రానికల్లా పైవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. బుడ్డిదాన్ని జాలీ గదిలో వదిలి, పెద్దమ్మ గది తలుపు తీశాం.

పెద్దమ్మ వచ్చి బుడ్డిదాన్ని వాసన చూసి ఆగిపోయింది. కాసేపటికి అరచెయ్యి పైకి పెట్టి మెల్లగా చాపింది. అది కెవ్వుమని పరుగెత్తుకొచ్చి, నా ఎదుటి ఇనుప జాలీకి అతుక్కుపోయింది. ఒకటే ఏడుపు. నేనేమో ఇవతల. లోపలికి వెళ్లకూడదు, ఎత్తుకోకూడదు.

పెద్దమ్మ దాన్ని లాగలేదు. దానివైపు చూడనైనా లేదు. నింపాదిగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా వేలొకటి జాలీలోంచి లోపలికి ఉంది.

"వేలు తియ్యి!" అని అరిచింది డాక్టరమ్మ.

నేను తీసేలోపే పెద్దమ్మ ఆ వేలు పట్టుకుని, పెదాలు చప్పరిస్తూ, గోరు చుట్టూ పేలు చూసినట్టు శ్రద్ధగా వెతికింది. వాళ్లలో స్నేహమంటే అదే. పిల్ల ఎవరిని నమ్ముతుందో కనిపెట్టి, ముందు ఆ మనిషినే మంచి చేసుకుంటోంది! అన్ని చదువులు చదివిన డాక్టరమ్మకు తట్టలేదు, పన్నెండేళ్ల నుంచి ఉన్న నాకూ తట్టలేదు. ఆ తల్లికి దండం పెట్టాలనిపించింది.

ఏడుపు తగ్గింది. బుడ్డిది నా వేలు చూసింది, పెద్దమ్మ మొహం చూసింది. ఒక చేత్తో జాలీ వదిలి ఆమె భుజం మీది వెంట్రుకలు పట్టుకుంది. కాసేపటికి రెండో చెయ్యీ వదిలింది. పెద్దమ్మ దాన్ని పొట్టకు హత్తుకుని లేచింది.

"గెలిచావు పో!" అని డాక్టరమ్మ నా వీపు చరిచింది.

లోపలి గదిలోకి వెళ్లేదాకా బుడ్డిది ఒక్కసారి కూడా నావైపు తిరిగి చూడలేదు. దొంగపిల్ల! అలా వెళ్లిపోవాలనే కదా ఎనిమిది నెలలు దాన్ని సాకాను. అయినా భోరున ఏడ్చాను.